పెద్దవాళ్లు ఇంట్లో పడిపోకుండా: ఏ పని ముందు, ఏది తర్వాత

బాత్రూమ్‌లో రాడ్లు బిగించారు, జారని మ్యాట్ వేశారు, అయినా అమ్మ మళ్లీ పడింది. ఇంకేం చేయాలి? చాలామంది అడిగే ప్రశ్న ఇది. రాడ్లు అవసరమే. కానీ పడిపోవడానికి కారణం తరచూ మాత్రల డబ్బాలోనో, తొడల్లో బలం తగ్గిపోవడంలోనో ఉంటుంది. ఆ రెండింటినీ ముట్టుకోకుండా గోడలకు ఎన్ని రాడ్లు కొట్టినా ఫలితం సగమే.

అందుకే ముందు మనిషిని చూడాలి, తర్వాత రాత్రి నడిచే దారిని, ఆపైన బాత్రూమ్‌ను, చివరికి మిగతా ఇంటిని. కాళ్ల వ్యాయామం మాత్రం మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, దాని ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది కాబట్టి.

1. మొదటి రోజు: గమనించండి, కొలవండి

"ఎప్పుడైనా పడ్డావా అమ్మా?" అంటే "లేదురా" అనే అంటారు. పిల్లలు కంగారు పడతారని, ఇక బయటికి వెళ్లనివ్వరని భయం. ప్రశ్న మార్చండి: "ఈమధ్య ఎక్కడైనా తూలావా? గోడ పట్టుకోవాల్సి వచ్చిందా? పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయా?"

తర్వాత గోడలు చూడండి. బాత్రూమ్ తలుపు పక్కన, వంటింటి మలుపులో, మంచం దగ్గర భుజం ఎత్తులో సున్నం మీద జిడ్డు మరక ఉందా? రోజూ అక్కడ చెయ్యి ఆనిస్తున్నారన్నమాట. ఆసరా కావాల్సిన చోటును వాళ్లే చూపించేశారు. రాడ్ ఎక్కడ బిగించాలో ప్లంబర్‌ను అడిగే ముందు ఆ మరకలను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మూడు పరీక్షలు. పక్కన ఒకరు నిలబడి ఉండాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు.

- కుర్చీ పరీక్ష: చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70–74 ఏళ్ల వారిలో మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 10 కంటే తక్కువసార్లు లేస్తే కాళ్ల బలం తగ్గిందని అర్థం. 80–84 ఏళ్లకు ఆ అంకెలు 10, 9.
- నడక పరీక్ష: కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టే.
- నిలకడ పరీక్ష: ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా ముందూ వెనకా పెట్టి నిలబడాలి. 10 సెకన్లు నిలబడలేకపోతే జాగ్రత్త పడాలి.

అంకెలను తేదీతో సహా రాసిపెట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "కొంచెం నీరసంగా ఉంటోందండీ" అనే మాట కంటే ఈ మూడు అంకెలే ఎక్కువ చెబుతాయి.

2. మొదటి వారం: మందుల సంచీ, బీపీ, కళ్లు

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచీలో వేయండి. కార్పొరేట్ ఆసుపత్రి చీటీ మందులు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం, అన్నీ. ఆ సంచీతోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి, "వీటిలో తూలడానికి కారణమయ్యేవి ఏమైనా ఉన్నాయా?" అని అడగండి. ప్రత్యేకంగా చూడాల్సినవి:

- నిద్రమాత్రలు, టెన్షన్ తగ్గడానికి ఇచ్చేవి (అల్ప్రాజోలం, జోల్పిడెం లాంటివి)
- బీపీ మాత్రలు, నీరు పోయేందుకు ఇచ్చే మాత్రలు
- ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, ప్రాజోసిన్ లాంటివి
- మగత తెప్పించే జలుబు, దురద మాత్రలు
- నరాల నొప్పికి, డిప్రెషన్‌కు వాడే ఎమిట్రిప్టిలిన్ లాంటివి
- షుగర్ మరీ పడిపోయేలా చేయగల గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్

పొరపాటు: ఈ పట్టిక చదివి మీరే మాత్రలు ఆపేయడం. ఏళ్లుగా వాడుతున్న అల్ప్రాజోలంను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.
సవరణ: డాక్టర్ చెప్పినట్టు మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

బీపీని కూర్చోబెట్టి ఒక్కసారి చూస్తే సరిపోదు. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ పడిపోతే, లేవగానే కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఇది మీరే చేయొచ్చు, కానీ నిలబెట్టినప్పుడు పక్కనే ఉండండి.

షుగర్ ఉన్నవాళ్లకు చెమట, వణుకు, తూలుడు వస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే అది షుగర్ పడిపోవడమే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బీ12 తగ్గి పాదాలు తిమ్మిరెక్కవచ్చు. శాకాహారులైతే ఇంకా త్వరగా తగ్గవచ్చు. రక్తపరీక్ష అడిగి చేయించుకోండి. విటమిన్ డి మాత్రం లోపం ఉందని తేలితేనే వాడాలి, లోపం లేనివాళ్లు వాడితే పడిపోవడం తగ్గుతుందన్న ఆధారం లేదు.

కళ్ల విషయంలో రెండే మాటలు. శుక్లం ఆపరేషన్‌కు అది ముదిరేదాకా ఆగనక్కర్లేదు. పైన దూరం, కింద దగ్గర ఉండే అద్దాలతో మెట్లు దిగితే మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది, కాబట్టి నడవడానికి దూరపు చూపు అద్దాలు విడిగా చేయించండి.

3. మంచం నుంచి బాత్రూమ్ దాకా

రాత్రి రెండింటికి అర్జెంటుగా లేస్తారు. కళ్లజోడు ఎక్కడుందో తెలియదు, పక్కవాళ్ల నిద్ర చెడుతుందని లైటు వేయరు, చెప్పులు మంచం కింద ఎక్కడో ఉంటాయి, దారిలో ఫోన్ ఛార్జర్ వైరు. ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన దారి ఇదే. దీన్ని సరిచేయడానికి ఒక పూట చాలు, ఖర్చు కూడా తక్కువే.

మంచం ఎత్తుతో మొదలుపెట్టండి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు దాదాపు లంబకోణంలో ఉండాలి. నవారు మంచం సాగి గుంట పడితే లేవడమే కష్టం. బిగించండి, లేదా బల్ల మంచానికి మార్చండి. మరీ ఎత్తుగా ఉంటే డబుల్ పరుపులో ఒకటి తీసేయండి.

పక్కనే, చెయ్యి చాపితే అందేలా: కళ్లజోడు, టార్చి, ఫోన్, మంచినీళ్లు, చేతికర్ర. ప్లగ్‌లో పెట్టే సెన్సర్ లైట్లు మనిషి కదలగానే వెలుగుతాయి. మంచం దగ్గర ఒకటి, బాత్రూమ్ తలుపు దగ్గర ఒకటి పెట్టండి. కరెంటు పోతే అవి పనిచేయవు కాబట్టి టార్చి తప్పనిసరి.

లేచే పద్ధతి అలవాటు చేయండి:

1. పక్కకు తిరిగి, చేతితో నొక్కి లేచి కూర్చోవాలి.
2. ఒక నిమిషం కూర్చునే పాదాలను పైకీ కిందికీ పదిసార్లు ఆడించాలి.
3. మంచం పట్టుకుని నిలబడి, మెల్లగా ఇరవై దాకా లెక్కపెట్టాలి.
4. కళ్లు తిరగడం లేదనుకున్నాకే అడుగు వేయాలి. తిరిగితే వెంటనే మళ్లీ కూర్చోవాలి.

రాత్రి మూడు నాలుగుసార్లు లేచేవాళ్లకు యూరిన్ బాటిల్ గానీ కమోడ్ కుర్చీ గానీ మంచం పక్కనే పెట్టడం మేలు. నామోషీ అనుకుంటారు. రాత్రి పూటకే అని చెప్పి, పొద్దున్నే ఎవరూ చూడకముందే తీసేస్తే క్రమంగా ఒప్పుకుంటారు. నీళ్లు తాగడం మాత్రం మాన్పించకండి. పగలు బాగా తాగించి, రాత్రి భోజనం తర్వాత తగ్గిస్తే చాలు.

4. బాత్రూమ్

మన ఇళ్లలో చాలావరకు బాత్రూమ్ నేల హాలు కంటే కాస్త కిందికి ఉంటుంది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఆ దిగే చోటే కాళ్లు తుడుచుకునే పట్టా, కింద నున్నటి టైలు. తడికాలు ఆ పట్టా మీద పడితే పట్టా, మనిషి రెండూ జారతాయి.

ముందు తలుపు సంగతి. లోపల పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే బయట నుంచి తోసినా తలుపు తెరుచుకోదు. వీలైతే బయటికి తెరుచుకునేలా కార్పెంటర్‌తో మార్పించండి. వీలుకాకపోతే లోపలి గడియ తీయించి, బయట నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే లాక్ పెట్టించండి. అంతవరకూ గడియ పెట్టుకోకుండా తలుపు దగ్గరగా వేసుకోమనండి. ఈ పని రాడ్ల కంటే ముందు చేయాలని నేను పట్టుబడతాను.

రాడ్లు బిగించడం

- చోట్లు: దిగే మెట్టు దగ్గర నిలువుగా ఒకటి, కమోడ్ పక్క గోడకు ఒకటి, స్నానం చేసే చోట ఒకటి.
- ఎత్తు: కమోడ్ పక్కది నేల నుంచి 33–36 అంగుళాలు. ముందు పెద్దాయన్ని కూర్చోబెట్టి, లేపి, చెయ్యి ఎక్కడ ఆనిస్తారో పెన్సిల్‌తో గీత పెట్టాకే డ్రిల్ చేయించండి.
- రకం: ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న స్టీలు రాడ్. గోడకు, రాడ్‌కు మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ.
- బిగింపు: ఇటుకలోకి యాంకర్ బోల్టులతో. అయిపోయాక ఇంట్లో అందరికన్నా బరువైనవాళ్లు బరువంతా వేసి లాగి చూడాలి.

పొరపాటు: తువ్వాలు వేసుకునే రాడ్‌నే పట్టుకోమనడం, గోడకు అతుక్కునే సక్షన్ హ్యాండిల్ కొనడం. బరువు పడగానే రెండూ ఊడొస్తాయి.

ఇండియన్ లెట్రిన్ మాత్రమే ఉంటే దాని మీద పెట్టే కమోడ్ స్టూలు సర్జికల్ షాపులో దొరుకుతుంది. కాళ్లకు రబ్బరు బుష్‌లు, రెండు వైపులా చేతులు ఉన్నదే తీసుకోండి. వెస్టర్న్ కమోడ్ మరీ కిందికి ఉంటే సీటు ఎత్తు పెంచే రైజర్ వేయించొచ్చు.

స్నానం కూర్చునే చేయాలి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, తడి నేల మీద దాని కాళ్లు విచ్చుకుంటాయి. రబ్బరు బుష్‌లున్న బరువైన స్టూలు కావాలి. బకెట్‌ను కూడా చిన్న గట్టు మీదో, ఎత్తు పీట మీదో పెడితే మగ్గుతో ముంచుకోవడానికి వంగే పని ఉండదు. సబ్బు, తువ్వాలు, బట్టలు కూర్చున్న చోటికే అందాలి.

తలంటు రోజు ప్రత్యేకం. నూనె బయట కూర్చోబెట్టి రాయండి, అరికాళ్లకు రాయొద్దు. కుంకుడు రసం కారిన నేలను వెంటనే వేడినీళ్లతో కడగండి. పాచి పట్టిన మూలలను వారానికోసారి బ్లీచింగ్‌తో రుద్దించండి.

5. మిగతా ఇల్లు

గడపలు తీసేయమంటే ఎవరూ ఒప్పుకోరు, తీయనక్కర్లేదు కూడా. సింహద్వారం గడపకు పసుపు రాసి ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది. ఇబ్బంది పెట్టేవి లోపలి గదుల మధ్య ఉన్న, నేల రంగులోనే కలిసిపోయిన అంగుళం గడపలు. వాటికి మెరిసే పసుపు టేప్ అంటించండి.

- నడిచే దారిలో విడి పట్టాలు, వైర్లు, పిల్లల బొమ్మలు, చెప్పుల గుంపు లేకుండా చేయండి.
- తడిబట్ట పెట్టాక ఆరేదాకా ఆ గదిలోకి రావద్దని చెప్పండి. పనమ్మాయి వచ్చే టైముకు వాళ్లు కుర్చీలో కూర్చుని ఉంటే మేలు.
- పూజగదిలో కారిన నూనె, కొబ్బరినీళ్లు, తులసికోట చుట్టూ తడి: చిన్నవే, కానీ ఉత్త కాళ్లతో తిరిగే చోట్లు.
- రోజూ వాడే డబ్బాలు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉంచండి. అటక మీదివి దింపడానికి స్టూలు ఎక్కడం పూర్తిగా బంద్.
- మెట్లకు రెండు వైపులా పట్టుకునే కమ్మీ, పైనా కిందా స్విచ్. ప్రతి మెట్టు అంచుకూ రంగు గీత.

డాబా మెట్లకు చాలా ఇళ్లలో కమ్మీ ఉండదు, మెట్లు కూడా ఒక్కోటి ఒక్కో ఎత్తు. వడియాలు, బట్టలు ఆరేయడం ఇంట్లో వేరేవాళ్ల పని అనుకోండి. రెండు చేతుల్లో బకెట్ పట్టుకుని మెట్లు దిగడం వయసులో ఉన్నవాళ్లకే కష్టం.

6. కాళ్లకు బలం: ఈరోజే మొదలు

"రోజూ గంట నడుస్తారండీ" అంటారు. నడక గుండెకు మంచిదే, కానీ పడకుండా ఉండాలంటే అదొక్కటే చాలదు. తొడలకు బలం, నిలకడకు సాధన విడిగా కావాలి. కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల బృందం ఎన్నో ప్రయోగాలను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో, వ్యాయామం చేసిన పెద్దవాళ్లలో పడిపోవడం దాదాపు 23 శాతం తగ్గింది.

వంటింటి గట్టు ముందు, వెనక గట్టి కుర్చీ పెట్టుకుని చేయాలి:

1. లేచి కూర్చోవడం: 5 సార్లతో మొదలుపెట్టి, 10 సార్ల చొప్పున రెండు విడతలకు పెంచాలి. మొదట చేతుల సాయంతో, తర్వాత లేకుండా. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి.
2. మడమలు ఎత్తడం: గట్టు పట్టుకుని, 10 సార్లు.
3. వేళ్లు ఎత్తి మడమల మీద నిలబడడం: 10 సార్లు.
4. కాలు పక్కకు ఎత్తడం: ఒక్కో కాలు 10 సార్లు, నడుము వంచకుండా.
5. ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడడం: 10 సెకన్లు. కుదిరాక రెండు వేళ్ల ఆసరాతో, ఆ తర్వాత ఆసరా లేకుండా.
6. గట్టు వెంబడి పక్కకు నడవడం: అటు పది అడుగులు, ఇటు పది.

పై వాటిలో మొదటి నాలుగు వ్యాయామాలను వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయాలి. చివరి రెండు వ్యాయామాలను ప్రతిరోజూ. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరాడకపోవడం ఉంటే ఆపి డాక్టర్‌ను కలవాలి. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, ఇదివరకే రెండు మూడుసార్లు పడినవాళ్లు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నాకే మొదలుపెట్టాలి.

పొరపాటు: సులువుగా అయిపోతున్నా అదే స్థాయిలో నెలల తరబడి చేయించడం. కాస్త కష్టపడితేనే నిలకడ పెరుగుతుంది.
ఇంకో పొరపాటు: ఒకసారి పడ్డారని మంచానికే పరిమితం చేయడం. కదలకపోతే ఉన్న బలం కూడా పోతుంది, ఈసారి పడడం ఇంకా తేలిక.

తిండి సంగతి కూడా: రాత్రి రెండు ఇడ్లీలతో, మజ్జిగ అన్నంతో సరిపెట్టేవాళ్లకు కండ నిలవదు. ప్రతి పూటా పప్పు, పెరుగు, గుడ్డు, చేప, శనగలు, ఏదో ఒకటి ఉండాలి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత తినాలో డాక్టర్‌ను అడగండి.

7. కర్ర, చెప్పులు, బట్టలు

నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. కర్ర నొప్పి కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేతిలో. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. కింద రబ్బరు బుష్ అరిగితే మార్చండి.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 ఏళ్లు దాటినవారికి కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తుంది. జిల్లాలో శిబిరం ఎప్పుడో వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి.

అరిగిన హవాయి చెప్పులు తీసేయండి. వెనక పట్టీ ఉండి, అడుగు గరుగ్గా, పలుచగా ఉన్నవి కావాలి. ఇంట్లో చెప్పులు వేసుకోని ఇళ్లలో ఒక జత లోపలికే కేటాయించండి. సాక్సులతో టైళ్ల మీద నడవనివ్వొద్దు. నైటీ, చీర కుచ్చిళ్లు, పంచె పాదాలకు కాస్త పైకి ఉండేలా చూడండి.

8. బయటికి వెళ్లినప్పుడు

ఆటో ఎక్కేటప్పుడు కర్ర ముందు లోపలున్నవాళ్లకు ఇచ్చి, రెండు చేతులతో కమ్మీ పట్టుకోవాలి. బస్సు పూర్తిగా ఆగేదాకా సీటులోంచి లేవకూడదు.

గుళ్లలో కడిగిన గ్రానైట్ మంటపం, అభిషేకం నీళ్లు పారే చోటు ప్రమాదకరం. కార్తీక మాసంలో గోదావరి, కృష్ణ ఘాట్లలో నీళ్లలో మునిగిన చివరి మెట్లకు నాచు పడుతుంది. పెద్దవాళ్లను పై మెట్టు మీదే కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు పోయండి. పుణ్యానికి లోటేం రాదు.

9. ఒప్పుకోకపోతే

"నాకేం, నేను బాగానే ఉన్నా" అనే నాన్నగారితో వాదన వద్దు. "మీరు పడతారు" అంటే పౌరుషం వస్తుంది. "ఈ రాడ్ అందరికీ పనికొస్తుంది, నిన్న నేనే జారబోయా" అంటే ఒప్పుకుంటారు. మనవరాలు పక్కన నిలబడి లెక్కపెడితే వ్యాయామం ఆగదు.

మీరు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే, వీడియో కాల్‌లో మంచం నుంచి బాత్రూమ్ దాకా నడుస్తూ చూపించమనండి. చూపించేది వాళ్లు కాకుండా పక్కింటివాళ్లయితే మంచిది, ఫోన్ చూస్తూ నడవడం కూడా ప్రమాదమే. తాళంచెవి ఒకటి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉంచండి. పొద్దున ఎనిమిదికి ఒక మెసేజ్, రాకపోతే పొరుగువారికి ఫోన్ అని ముందే మాట్లాడుకోండి. పెద్దవాళ్లకు సాయం, సలహా కోసం ఎల్డర్‌లైన్ నంబర్ 14567 పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది.

10. పడితే ఏం చేయాలి

రెండు చంకల కింద చేతులు వేసి లాగేయకండి. ముందు ఒక నిమిషం అలాగే ఉండనిచ్చి, ఎక్కడ నొప్పో అడగండి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి:

- తుంటి దగ్గర నొప్పి, కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగిపోవడం
- తలకు దెబ్బ, వాంతి, మత్తు, మాట తడబాటు
- మెడ, వెన్ను నొప్పి, చేతులూ కాళ్లూ కదపలేకపోవడం
- పడేముందు స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి

రక్తం పలచబడే మందులు (వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి) వాడేవారు తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. వారాల తర్వాత కూడా తలనొప్పి, అయోమయం, మగత మొదలవచ్చు. అప్పుడు పాత దెబ్బ సంగతి డాక్టర్‌కు గుర్తుచేయండి.

తుంటి విరిగితే నాటు కట్టుల కోసం తిరుగుతూ రోజులు పోగొట్టొద్దు. ఎక్స్‌రే తీయించి, ఆపరేషన్ అవసరమైతే ఒకటి రెండు రోజుల్లోనే చేయిస్తే కోలుకోవడం మెరుగు.

దెబ్బ లేకపోతే, వాళ్లంతట వాళ్లే లేచేలా సాయం చేయండి: పక్కకు తిరగాలి, మోచేతి మీద లేవాలి, మోకాళ్లూ చేతుల మీదికి రావాలి, గట్టి కుర్చీ దాకా పాకాలి, సీటు మీద చేతులు ఆనించి బలమైన కాలు ముందుకు వేసి లేవాలి, తిరిగి రెండో కుర్చీలో కూర్చోవాలి. బాగున్నప్పుడే పరుపు మీద ఒకసారి ఇది నేర్పించండి.

ఆ రోజే రాసుకోండి: టైము, చోటు, అప్పుడు ఏం చేస్తున్నారు, చివరిగా ఏ మాత్ర వేసుకున్నారు, కాళ్లకు చెప్పులున్నాయా, లైటు ఉందా. రెండోసారి పడితే ఈ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎవరూ పడకపోయినా మొదటి రోజు చేసిన మూడు పరీక్షలను ఆరు నెలలకోసారి మళ్లీ చేయండి. కొత్త మందు మొదలుపెట్టినా, ఆసుపత్రిలో ఉండి వచ్చినా ఆరు నెలలు ఆగకుండా ఆ వారంలోనే చేయండి.